తెల్లపేజీలో కుర్చీ

వెబ్ పేజీలను తెరమీద గీసే ఇంజిన్ అనే ప్రోగ్రాంని కొత్తరకం కంప్యూటర్‌కి అలవాటు చేయడం అతని పని. నమ్మితే నమ్మండి, పదకొండు వేల పరీక్షలు గట్టెక్కించిన మహానుభావుడు ఆ రాత్రి ఒట్టి తెల్లపేజీ పరీక్ష దగ్గర చతికిలబడ్డాడు. కంప్యూటర్ గీసిన బొమ్మ, ముందే దాచుకున్న సరైన బొమ్మ ఒకేలా ఉంటే నెగ్గినట్టు. తెల్లపేజీలో గీయడానికేముంది? అయినా అది ఏదో గీసింది.

చెవి దగ్గర ఫోన్‌లో భార్య. "పాపకి జ్వరం తగ్గలేదండీ. ఎప్పుడొస్తారు?"

"ఇదొక్కటే. అవగానే బయల్దేరతా."

"పొద్దుణ్ణుంచీ అదే ఒక్కటా?"

బొమ్మని పెద్దది చేశాడు. లేత బూడిదరంగులో అతను కూర్చున్న ఆఫీసు గదే. బల్ల, దీపం, ఖాళీ కుర్చీ. తప్పు వెతికే ఓపిక లేనప్పుడు ఈ పనివాళ్ళు చేసే వెధవపని ఒకటుంది. వచ్చిన బొమ్మే సరైనదని ఒప్పేసుకుని, పాతదాని చోట దాచేస్తారు. అతనూ ఆవలిస్తూ ఆ ఖాళీ కుర్చీ బొమ్మని ఒప్పేసుకున్నాడు.

పరీక్షని మళ్ళీ నడిపాడు. పరీక్ష తప్పింది. ఇప్పుడు కుర్చీలో ఒకడు అటు తిరిగి కూర్చున్నాడు. చొక్కా అతనిదే. సరైన బొమ్మకీ దీనికీ తేడా ఆ మనిషొక్కడే.

ఫ్యాన్ చప్పుడు ఆగింది. ఎవరూ మీట నొక్కకుండానే పరీక్ష మళ్ళీ మొదలైంది. ఈసారి తేడా కాస్త తగ్గింది. కుర్చీలో మనిషికి మోకాళ్ళ కింద కాళ్ళు చెరిగిపోయి తెల్లగా ఉంది.

"ఏవండీ, లేచారా?"

"లేస్తున్నా," అన్నాడు, కిందికి చూడకుండా.