మొదటి గుక్క

నర్సు గుమ్మంలో అడుగు పెట్టగానే గదిలో మాటలు ఠక్కున ఆగిపోయాయి.

"ఆపేశారేం? కానివ్వండి. నా గురించేగా!"

ఆ మానసిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసేది నలుగురే. డాక్టరమ్మ ఫ్యాను వంక చూసింది. సోషల్ వర్కరు పెన్ను మూత వెతుక్కున్నాడు. డ్రైవరు ఉత్తినే దగ్గాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ముగ్గురి వాలకం.

తనను తీసేయబోతున్నారని నర్సుకు ఎప్పుడో అర్థమైంది. నిప్పు లేనిదే పొగ రాదు కదా! మందుల బీరువా తాళం తన దగ్గర్నుంచి తీసుకున్నారు. పేషంట్ల ఇళ్ళకు వెళ్ళే పని సోషల్ వర్కరుకు అప్పగించారు. డ్రైవరు గుట్టుగా ఆమె భర్తకు ఫోన్లు చేస్తున్నాడు. ఆఖరికి ఇక్కడి టీ కూడా ఈమధ్య చేదుగా ఉంటోంది. ఎవరూ చూడకుండా దాన్ని కిటికీలోని పూలకుండీలో పోసేస్తోంది. మొక్క మాత్రం నవనవలాడుతూనే ఉంది. మొండి మొక్క అనుకుందామె.

"నా ఉద్యోగం ఊడబీకాలనుంటే మొహమ్మీదే చెప్పండి. ఇలా గోతులు తీయడం దేనికి?"

"ఎవరూ గోతులు తీయట్లేదక్కా. కూర్చో," అంది డాక్టరమ్మ.

"అసలు ఈ పని మీకు నేర్పిందెవరు? పేషంటు బెదిరిపోకుండా మనలో ఒక్కరే మాట్లాడాలని ఎవరు చెప్పారు? విషం పెడుతున్నారని వణికేవాళ్ళకి మంచినీళ్ళిచ్చినా సరే, ముందు మనం ఓ గుక్క తాగి చూపించాలని ఎవరు చెప్పారు?"

"నువ్వే అక్కా. మాకన్నీ నువ్వే నేర్పావు."

"మరి ఇప్పుడు కరివేపాకులా తీసి పారేస్తారా?"

ఈ పని పోతే తను బతకలేదు. అది ఆ ముగ్గురికీ తెలుసు. తెలిసే ఇంత పని చేస్తున్నారు.

సోషల్ వర్కరు ఏదో చెప్పబోతే డాక్టరమ్మ చేత్తో వారించింది. డ్రైవరు చప్పుడు చేయకుండా ఫ్లాస్కు తెచ్చి టీ పోశాడు.

"నిన్ను తీసేసే మాటే లేదక్కా. ఒట్టు. నువ్వు మాకు కావాలి. ముందు కాస్త టీ తాగు," అంది డాక్టరమ్మ.

నర్సు గ్లాసు వంక చూసింది. చెయ్యి చాపలేదు.

డాక్టరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ గ్లాసు ఎత్తి, నర్సు చూస్తుండగా, ముందు తను ఓ గుక్క తాగింది.