గడప అవతల

బొగ్గు బావిలో పైకప్పు కూలి నడుం విరిగిన మోషే మూడేండ్లుగా నస్పూర్ క్వార్టర్‌లో మంచం దిగలేదు. తమ్ముడు బొంబాయి నుంచి రిమోట్‌తో నడిచే బొమ్మ యుద్ధట్యాంకు పంపాడు. రెండు వైపుల పట్టాలకు రెండు మీటలు. ఏది నొక్కితే ఎటు తిరుగుతుందో తెలియక వారం రోజులు గోడలకు గుద్దించాడు. ఇవాళ, భార్య రిబ్కమ్మ వాలుగా వేసిన చెక్క మీదుగా దాన్ని గడప దాటించాడు.

ఆ అవతల ఏముందో మంచం మీది నుంచి కనిపించదు. రిబ్కమ్మ వాకిట్లో నిలబడి చెప్పసాగింది.

"జర ఎడమకు తిప్పు. ఆ, నీళ్ల నల్లా దాటింది."

"ఇప్పుడు?"

"సడక్ ఎక్కింది. చాయ్ హోటల్ కాడ అందరు లేచి చూస్తుండ్రు."

"చర్చి మలుపు వచ్చిందా?"

"వచ్చింది. మంచిగ తిరిగింది," అంది రిబ్కమ్మ.

నిజానికి ట్యాంకు నల్లా దాకా కూడా పోలేదు. గడప దాటగానే మెట్టు మీంచి పడి ఆగిపోయింది. ఆ పడిన చప్పుడు మోషేకూ వినబడింది.

అయినా అతను మీటల మీది వేళ్లు తీయలేదు.

"ఆగినవేంది రిబ్కా? ఇంకెటు తిప్పాలె, చెప్పు," అన్నాడు.