ఒకే చేత్తో రాసినట్టు

"ఈ కోడ్ నువ్వు రాసిందా, నేను రాసిందా?" తెర చూపించి అడిగింది వెనింగ్ అక్క.

ఎంత చూసినా చెప్పలేకపోయాను.

ఎవరు రాసినా ఒకే చేత్తో రాసినట్టుండాలని ఇండోనేషియాలోని మా బాండుంగ్ ఆఫీసులో నియమాలు పెట్టింది ఆవిడే. "నీ సొంత పోకడలు ఇంట్లో పెట్టి రా తమ్ముడూ" అంటూ నాకు పని నేర్పిందీ ఆవిడే.

"పైవాళ్లూ చెప్పలేకపోయార్రా. అలాంటప్పుడు ఇద్దరెందుకు, ఒకరు చాలన్నారు."

"ఎవర్ని ఉంచుతారట అక్కా?"

"చవకవాణ్ణి."

ఆవిడ తన కప్పు కడిగి సంచిలో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ నా తెర మీదికి వంగింది.

"ఆ లైను పొడుగైంది. రెండు చెయ్యి. రూలు రూలే."

చేశాను. ఇప్పుడది అచ్చం ఆవిడ రాసినట్టే ఉంది.