చెయ్యి ఆనితే అవుట్

"సెయ్యి ఆనితే అవుట్!" గుట్ట కింద నుంచి పృథ్వి మళ్లీ అరిచేడు.

జయపురంలో మా రైసుమిల్లు వెనకాల ఊకగుట్టే మాకు మంచుకొండ. సెమిలిగుడ పాతసామాన్ల కొట్టులో దొరికిన స్నోబోర్డు ఒక్కటే. దాంతో వచ్చిన గట్టి ప్లాస్టిక్ బూట్లు నా కాళ్లకే సరిపోయేయి. పృథ్వి తన కాన్వాస్ బూట్లనే సైకిల్ ట్యూబుతో బోర్డుకి బిగించుకునేవాడు.

బోర్డు అంచు మీద ఒరిగి, ఊకలో పైనుంచి కిందదాకా తెగని గీత గీసినవాడిదే గెలుపు. నేను నేలకి చెయ్యి ఆనేంత ఒరగ్గలను. అది చూడలేక వాడు పెట్టిన రూలు ఇది. ఒట్టి కుళ్లు! వాడి గీత మాత్రం రోజూ సగంలో తెగిపోయేది. ట్యూబు జారి, కాళ్లు ఊకలో కూరుకుపోయేవి.

"బూట్లు బాగోలేవని సాకు సెప్పకు. ఇలాగియ్యి, వాటితోనే గీసి సూపిత్తాను," అన్నాను.

"వద్దురా."

బలవంతంగా ఒక బూటు లాగేను. దాని అడుగు కరిగిపోయి ఉంది. వాడి అరికాలి నిండా బొబ్బలు.

"గుట్ట లోపల నిప్పంటుకుందిరా," అన్నాడు పృథ్వి, మిల్లు వైపు బెదురుగా చూస్తూ. "ఊక తడపడం మా నాన్న డూటీ గదా. పంపు పాడైపోతే భయపడి ఎవరికీ సెప్పలేదు. మీ నాన్నకి తెలిస్తే పనిలోంచి తీసేత్తారు."



"నీకెప్పట్నుంచి తెలుసురా?"

వాడు నా అరచేతుల కేసి చూసేడు.

"రూలు పెట్టిన రోజు నుంచి."