అయిదు ఖాళీలు

“ఒకే మనిషిని తొమ్మిదిసార్లు రాసినట్టుందండీ!” అంటూ ఆఫీసరమ్మ జాబితా వెనక్కి తోసేసింది.

వార్డు కమిటీ ప్రెసిడెంటుగారి మొహం చిన్నబోయింది. “అందరూ పెద్దమనుషులే కదా మేడమ్!”

“నేననేదీ అదే. తొమ్మిదిమందీ మగవాళ్ళే, అరవై దాటినవాళ్ళే, సొంత మేడలున్నవాళ్ళే. వార్డులో ఇంకెవరూ లేరా?” ఆవిడ కింది అయిదు పేర్లూ బరబరా కొట్టేసింది. “కొత్త రూలు చూడండి. ఒక మహిళ, ముప్ఫై ఏళ్ళలోపువాళ్ళు ఒకరు, అద్దెకుండేవాళ్ళు ఒకరు, కూలిపని చేసేవాళ్ళు ఒకరు, దివ్యాంగులు ఒకరు. ఈ అయిదు ఖాళీలూ సాయంత్రం అయిదింటికల్లా నింపి తేకపోతే కమిటీ రద్దు.”

అప్పటికే మూడయింది.

ప్రెసిడెంటుగారు బావమరిదిని స్కూటరెక్కించుకుని వార్డంతా గాలించాడు. నర్సుని అడిగితే, “పట్టపగలు డ్యూటీ వేళ మీటింగులు పెడితే ఎలా రానండీ?” అంది. తాపీమేస్త్రి అయితే నిచ్చెన దిగనైనా దిగలేదు. “పోయినసారి మా కుళాయి సంగతి చెబుదామని వస్తే గుమ్మంలోంచే పంపించేశారుగా!” అని గోడవైపు తిరిగిపోయాడు.

నాలుగుంబావుకి స్కూటరు దిగబోతుంటే పర్రుమని చప్పుడయింది. ప్రెసిడెంటుగారి ప్యాంటు వెనక నిలువునా చిరిగింది.

“బావా, కదలకు!” బావమరిది ఫైలు అడ్డం పెట్టి, ఆయన్ని ఎదురుగా ఉన్న టైలరు షాపులోకి నెట్టుకుపోయాడు.

లోపల మిషను దగ్గర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ప్రెసిడెంటుగారు తెర వెనక్కి దూరి, ప్యాంటు మాత్రం బయటికి చాచాడు. “తొందరగా కుట్టమ్మా, కొంప మునుగుతోంది!”

“మునిగినా సరే, రెండు వరసలు కుట్టాల్సిందే సార్. మళ్ళీ చిరిగితే నన్నే అంటారు.”

బావమరిది చూపు గోడకానించిన చంకకర్ర మీద పడింది. “ఇదెవరిదమ్మా?”

“నాదేనండి. చిన్నప్పట్నుంచీ ఎడమకాలు మాట వినదు.”

తెర కదిలింది. “షాపు నీదేనా?” అని లోపల్నుంచి గొంతు.

“అంత అదృష్టమా సార్! రోజుకూలీకి కుడతాను.”

“ఇల్లు?”

“అద్దె గది.”

“వయసెంత?”

“చిరుగు కుట్టడానికి నా వయసెందుకు సార్? ఇరవై ఎనిమిది.”

తెర మీదుగా ప్రెసిడెంటుగారి తల పైకి లేచింది. మహిళ, ఇరవై ఎనిమిది, అద్దె, కూలి, కాలు! వేళ్ళు మడుస్తూ అయిదో వేలుకి వచ్చేసరికి ఆనందం పట్టలేక లోపలే ఒక్క గంతేశాడు. తెర కట్టిన కడ్డీ ఊడి నెత్తిన పడింది. అయినా నవ్వుతూనే ఉన్నాడు.

“బామ్మర్దీ!” అని చెవిలో గుసగుసలాడాడు. “అయిదు ఖాళీల్లోనూ ఈ పిల్ల పేరే రాసెయ్. అటు ఒక్కతే, ఇటు మనం నలుగురం!”

బావమరిది కమిటీ సంగతి చెప్పి జాబితా ముందుపెట్టాడు. “కమిటీలో నన్ను మాట్లాడనిస్తారా సార్?” అంది అమ్మాయి.

“ఎంత మాట! అయిదుగురి పెట్టు మాట్లాడు తల్లీ!”

ఆమె పళ్ళతో దారం తెంపి, అయిదుచోట్లా సంతకం పెట్టింది.

అయిదు కావడానికి అయిదు నిమిషాలుందనగా ఆఫీసరమ్మ జాబితా చూసి, రూల్సు పుస్తకం అటూ ఇటూ తిరగేసింది. “ఒకే మనిషి ఉండకూడదని ఎక్కడా లేదు. కానీ ఇవి అయిదూ వేరువేరు సీట్లనీ, ప్రతి సీటుకీ పూర్తి హక్కులుంటాయనీ మీరు రాసివ్వాలి.”

“ఒకటేం ఖర్మ, పది కాగితాలు రాసిస్తాను మేడమ్!” ప్రెసిడెంటుగారు నిలబడే గీకి ఇచ్చేశాడు.

ఆదివారం పొద్దున మొదటి మీటింగు. ఒక పక్క నలుగురు పెద్దమనుషులు, ఎదురుగా ఆమె ఒక్కతే. తలుపు దగ్గర ఆఫీసరమ్మ.

అమ్మాయి లేచింది. “మలుపులో తీసేసిన బస్టాపు మళ్ళీ పెట్టాలి సార్. పనులకెళ్ళేవాళ్ళు అవతలి వీధి దాకా నడుస్తున్నారు. ఈ కర్రతో నాకు అరగంట.”

“హారన్ల మోతకి నా మధ్యాహ్నం కునుకు పోతోందనేగా తీయించింది!” అన్నాడు ప్రెసిడెంటుగారు. “ వద్దనేవాళ్ళు చేతులెత్తండి.” నాలుగు చేతులు లేచాయి. “నాలుగు, ఒకటి. వీగిపోయింది. టీ తెప్పించండి.”

“కాదు సార్. నాలుగు, అయిదు.”

అందరూ ఆఫీసరమ్మ వైపు తిరిగారు. ఆవిడ నవ్వు బిగబట్టుకుని కాగితం విప్పింది. “ప్రతి సీటుకీ పూర్తి హక్కులు. అంటే సీటుకో ఓటు. దస్తూరీ మీదేగా?”

ప్రెసిడెంటుగారి చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది. బావమరిది నవ్వాపుకోలేక చెప్పు వెతుక్కునే వంకతో బల్ల కిందికి వంగాడు. బస్టాపు గెలిచింది!

“ఇంకొక్క మాట సార్,” అంది అమ్మాయి. “నేనొక్కదాన్నే అయిదుగురినవడం బాగోలేదు. నాలుగు సీట్లు వదిలేస్తున్నాను. వాటికి వేరే పేర్లు తెచ్చాను.”

ప్రెసిడెంటుగారికి ప్రాణం లేచొచ్చింది. విడివిడి మనుషులైతే ఒక్కొక్కరినే టీ, బిస్కెట్లతో మచ్చిక చేసుకోవచ్చు. “బంగారుతల్లీ! ఎవరైనా సరే, ఆమోదం!” జాబితా చదవకుండానే సంతకం చేసి పారేశాడు.

తలుపు తెరుచుకుంది. అద్దెవాళ్ళ తరఫున నర్సు వచ్చింది. “ఆదివారమైతే నాకు సెలవేనండీ,” అంది. కూలివాళ్ళ తరఫున తాపీమేస్త్రి. ముప్ఫైలోపు వాళ్ళ తరఫున జిరాక్సు సెంటరు అమ్మాయి. ఇక మిగిలింది మహిళా సభ్యురాలు.

“కాస్త జరగండి. ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా నా మాట గాలికే పోతోంది, ఇక్కడైతే మినిట్సులోకి ఎక్కుతుంది!” అంటూ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది ప్రెసిడెంటుగారి భార్య.