బోర్లించిన గ్లాసు

"లేవండి. ఆ కుర్చీలో కూర్చోకూడదు."

కర్టిస్ గొంతు బాగా తగ్గించి అన్నాడు. కుర్చీలోని మనిషి సూప్ గిన్నె మీంచి తలెత్తాడు.

"ఎడమ చెవి పనిచెయ్యదు తమ్ముడూ. ఇటు తిరిగొచ్చి గట్టిగా చెప్పు."

గోడ గడియారంలో పదీ నలభై. పదకొండుకి రాష్ట్ర కమిటీ తనిఖీకి వస్తుంది. మాజీ సైనికుల్ని బాగా చూసుకునే కంపెనీలకు రాష్ట్రం వాళ్లు ఏటా ఒక గుర్తింపు బిళ్ల ఇస్తారు. ఆ బిళ్ల ఇండియానాలోని ఈ పట్టీల ఫ్యాక్టరీ తలుపు మీదికెక్కితే, సైన్యానికి పారాచూట్ పట్టీలు కుట్టే పని దాదాపు చేతికొచ్చినట్టే. కర్టిస్ ఉద్యోగుల వ్యవహారాలు చూడటానికి ఆగస్టులో చేరాడు. బిళ్ల తెస్తే అతని కుర్చీ గట్టిది. తేకపోతే అతనికంటే చవకగా వచ్చేవాళ్లు బయట చాలామంది ఉన్నారు.

నవంబరు పదకొండు, మాజీ సైనికుల దినం. సైన్యంలో చేసినవాళ్లకు ఆ రోజు చాలా హోటళ్లలో భోజనం ఉచితం. ఫ్యాక్టరీ కూడా గేటు తెరిచి సూప్, రొట్టె పెడుతోంది. ఈ మనిషి చొక్కా మీద సందర్శకుల స్టిక్కరు ఉంది. క్యాంటీన్‌లో ముప్పై బల్లలుండగా ఇతనికి ఈ బల్లే కావలసి వచ్చింది.

అది యుద్ధానికి వెళ్లి తిరిగి రానివాడి కోసం వేసే బల్ల. తెల్ల గుడ్డ, ఒక ఎర్ర గులాబీ, బోర్లించిన గ్లాసు, పళ్లెంలో చిటికెడు ఉప్పు, ఒక నిమ్మచెక్క, ఖాళీ కుర్చీ. పొద్దున్న కర్టిస్ స్వయంగా సర్దాడు. ఇప్పుడు గ్లాసు నిటారుగా ఉంది, నిండా నీళ్లున్నాయి. పళ్లెంలో ఉప్పు లేదు. నిమ్మచెక్క పిప్పి అయింది.

"ఆ ఉప్పు ఇంటివాళ్ల కన్నీళ్లకు గుర్తు. తెలుసా?"

"సూప్ చప్పగా ఉంది మరి."

"నిమ్మచెక్క అతని చేదు రాతకు గుర్తు."

"అది కూడా బాగానే కుదిరింది."

కర్టిస్ పళ్లు బిగించాడు. "అసలు మీరెందుకు వచ్చారు?"

"ఉద్యోగం కోసం. మార్చి నుంచి మీ ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాశాను. అన్నాళ్లూ ఆసుపత్రిలో ఉన్నానని డాక్టరు కాగితం కూడా జత చేశాను. జవాబు లేదు. ఇంట్లో డబ్బుల పెట్టె అడుగు కనిపిస్తోంది. ఇవాళ అడిగితే కిటికీ దగ్గరి అమ్మాయి, పెద్దవాళ్లొస్తున్నారు, భోంచేసి కూర్చోండి అంది. ఎక్కడ కూర్చోవాలో చెప్పలేదు."

"ఇప్పుడు ఖాళీలు లేవు."

"ఒకటి ఉందే," అని అతను కూర్చున్న కుర్చీ చేతిని తట్టాడు. "ఇంతకీ ఇది ఎవరికోసం ఖాళీగా ఉంచారు?"

కర్టిస్ కాస్త నిటారుగా నిలబడ్డాడు. పేరు లేని బల్ల ప్రతి కంపెనీ వేస్తుంది. పేరున్న బల్లకు బరువెక్కువ. అందుకే పాత ఫైళ్లు తిరగేసి సొంత మనిషినే పట్టుకొచ్చాడు. ఫొటో దొరకలేదు. గులాబీ పక్కన కార్డు మీద పేరు బంగారు రంగులో వేయించాడు.

"లైల్ టాకెట్. మా కుట్టు విభాగంలో పదకొండేళ్లు చేశాడు. రిజర్వు దళం నుంచి పిలుపొస్తే సెలవు పెట్టి వెళ్లాడు. పోయాడు."

"పోయాడని ఎవరు చెప్పారు?"

"ఫైల్లో ఉంది. 'సైనిక సెలవు నుంచి తిరిగి రాలేదు' అని. తారీఖుతో సహా."

"ఇంటివాళ్లని అడిగారా?"

"రెండేళ్ల కిందటి సంగతి. మానిన పుండు కెలకడం ఎందుకని..."

"మంచి ఆలోచన. మీకూ ఒక ఫోను తప్పింది." అతను రొట్టె తుంచాడు. "పిలుపు మీద వెళ్లినవాడి చోటు అట్టిపెట్టాలని చట్టం ఉందిగా?"

"అందుకే కదా కుర్చీ ఖాళీగా ఉంచాం."

"అతని మిషను?"

"దాని మీద వేరే మనిషిని పెట్టాం. పని ఆగదు కదా. మీకు టాకెట్ తెలుసా?"

"బాగా తెలుసు. గురక పెట్టి పక్కవాళ్లని చంపుతాడు. కుట్టు మాత్రం తిన్నగా కుడతాడు."

వంటావిడ రోసలిండ్ ఇంకో రొట్టెముక్క తెచ్చి అతని గిన్నె పక్కన పెట్టింది. పదిహేనేళ్లుగా ఆమెది అదే పొయ్యి. అతని మొహంలోకి ఒకసారి పరకాయించి చూసింది.

"తిననివ్వండి కర్టిస్ గారూ. పొద్దున్నుంచి ఆ కుర్చీ ఖాళీగా ఉండి ఎవరికి ఏం ఒరిగింది?" అని, బల్ల వైపు చూసింది. "ఆ కార్డు మీరు చదివారా?"

"నేనే అచ్చువేయించాను. మీ పని మీరు చూసుకోండి."

బయట కార్ల తలుపులు పడిన చప్పుడు. కర్టిస్ చెమట తుడుచుకుని, అతని కుడి చెవి దగ్గరికి వంగాడు.

"ఆఖరిసారి చెబుతున్నాను. లేవకపోతే గార్డుని పిలుస్తాను. గేటు దగ్గర మీ పేరు రాయిస్తాను. ఇక జన్మలో ఇక్కడ ఉద్యోగం మాట ఉండదు. పేరు చెప్పండి."

"వినపడలేదు."

"మీ పేరు!"

క్యాంటీన్ అంతా ఇటు తిరిగింది. తలుపు తెరుచుకుంది. కమిటీవాళ్లు నలుగురు గుమ్మంలోనే ఆగిపోయారు.

ఆ మనిషి గ్లాసులో నీళ్లు తాగి, గుడ్డకి వేళ్లు తుడుచుకున్నాడు. గులాబీ పక్కనున్న బంగారు రంగు కార్డు తీసి కర్టిస్ చేతిలో పెట్టాడు.

"ఇది మాత్రం తప్పు లేకుండా వేయించావు తమ్ముడూ."