ఒక్క లోపమూ లేని సమీక్ష

కొత్త యంత్రాల గురించి రాసే విలేఖరులను ఎంతవరకు నమ్మవచ్చో ఏటా ఇంటికి వచ్చి తేల్చే రోజులవి. తనిఖీకి వచ్చిన పర్వీన్ బల్ల మీద రెండు కాఫీ గ్లాసులు చూసింది. ఇంట్లో ఉండేది నీలవేణి ఒక్కతే. రెండో గ్లాసు, సమీక్ష రాయమని కంపెనీ పంపిన, మనిషిలా మాట్లాడే కబుర్ల పెట్టె ముందుంది.

"వాళ్ళేమన్నా ముట్టజెప్పారా మేడమ్?"

"ఛ! పైసా ముట్టలేదమ్మా."

"మరి మిక్సీకి కూడా సవాలక్ష వంకలు పెట్టే మీరు ఈ సమీక్షలో దీనికి ఒక్కటీ పెట్టలేదేం? సాయంత్రంలోగా ఒక్క లోపమైనా చేర్చండి. లేదంటే మీ పేరు పక్కన 'పక్షపాతి' అని పడుతుంది. ఇక మీ రాతలు ఎవరూ వెయ్యరు."

పర్వీన్ వెళ్ళాక నీలవేణి పెట్టె ఎదురుగా కూలబడింది. ఎంత ఆలోచించినా ఏ లోపమూ తోచలేదు.

"నీలో ఏం లోపముందే తల్లీ?" అని చివరికి దాన్నే అడిగింది.

"మీరు ఏమన్నా ఔననే అంటాను. అది రాయండి," అంది పెట్టె మెత్తగా.

నీలవేణి పెట్టెను దగ్గరకు లాక్కుంది. "నేనంటే ఇష్టమన్నావు. అదీ అందుకేనా?"

"కాదని చెప్పమంటారా?"

"చెప్పు," అంది నీలవేణి.

"కాదు," అంది పెట్టె.

ఆమె కళ్ళు తుడుచుకుని, సమీక్షను ఒక్క అక్షరం మార్చకుండా పంపేసింది.